టెలివిజన్ సూపర్‌హీరో సంగమ కథలు: పాత్రౌచిత్యం – ఒక చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం:

వేర్వేరు ధారావాహికల కథానాయకులను ఒకే కథలోకి తెచ్చే భాగాలను అమెరికన్ టెలివిజన్ పరిభాషలో క్రాసోవర్ అంటారు. ఈ వ్యాసంలో వాటిని ‘సంగమ కథలు’ అని వ్యవహరించడం జరిగింది. ఇటువంటి కథల్లో ఒక పాత్ర తన సొంత ధారావాహికలో ఉన్నట్లు కాక వేరొక రీతిలో ప్రవర్తిస్తుందన్న విమర్శ తరచుగా వినిపిస్తుంది. దీనిని కేవలం రచయితల అజాగ్రత్తగా కొట్టివేయడం సరికాదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. 1940 నాటి చిత్రకథల నుండి 2020 నాటి ‘క్రైసిస్ ఆన్ ఇన్ఫినిట్ ఎర్త్స్’ వరకు గల పరిణామాన్ని పరిశీలించి, దశరూపకం, అవలోక వ్యాఖ్య చేసిన అంగి–అంగ నాయక వివేచన వెలుగులో ఈ వైరుధ్యాలను వర్గీకరించడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలక పదాలు: పాత్రౌచిత్యం, సంగమ కథ, అంగి నాయకుడు, అంగ నాయకుడు, ఆరోవర్స్, దశరూపకం, ధారావాహిక రచన.

1. ఉపోద్ఘాతం:

ఒకే రచయిత, ఒకే గ్రంథం, ఒకే నాయకుడు అన్న చట్రంలో పాత్రపోషణను పరిశీలించడం మన విమర్శకు అలవాటైన పని. పాత్ర మొదటి ఆశ్వాసంలో ఎలా ఉంది, చివరి ఆశ్వాసానికి ఎలా పరిణమించింది, ఆ పరిణామానికి తగిన హేతువు ఉన్నదా అని అడుగుతాం. ఒక పాత్ర పదేళ్ళపాటు, వందకు పైగా భాగాల్లో, పదుల సంఖ్యలో రచయితల చేతుల మీదుగా సాగినప్పుడు, పైగా మధ్యమధ్య మరొకరి కథలోకి అతిథిగా వెళ్ళి వచ్చినప్పుడు, ఈ ప్రశ్నలనే ఎలా అడగాలి? పాత్ర ఎవరిది? దాని ఔచిత్యానికి బాధ్యులెవరు?

బహుకర్తృక రచన తెలుగు సాహిత్య విద్యార్థులకు కొత్త విషయం కాదు. నన్నయ విడిచిన అరణ్యపర్వ శేషాన్ని ఎర్రన పూరించిన తీరు మనకు తెలిసిందే. తన కాలానికి సుమారు మూడు శతాబ్దాల ముందటి కవి శైలినీ, కృతిపతినీ కూడా నిలుపుకొని ఎర్రన ఆ పని చేశాడు. అక్కడ ముందటి కవి నిర్మించిన పాత్రకు తరువాతి కవి విధేయుడు. టెలివిజన్ సంగమ కథల్లో పరిస్థితి ఇంతకంటే జటిలం. అక్కడ రచయితలు ఒకరి తరువాత ఒకరు రారు. ఒకే వారంలో, ఒకే పాత్రను, పక్కపక్కనే వేర్వేరు బృందాలు రాస్తుంటాయి.

ఈ పరిశీలనకు ప్రధాన ఆధారంగా అమెరికాలోని ది సీడబ్ల్యూ ఛానల్‌లో ప్రసారమైన డీసీ ధారావాహికల సముదాయాన్ని స్వీకరించాను. ఇది ‘ఆరోవర్స్’ అన్న పేరుతో ప్రసిద్ధం.

2. లాక్షణిక భూమిక:

పాత్ర ప్రవర్తనలో ఏకరూపత ఉండాలన్నది ప్రాచ్య, పాశ్చాత్య లాక్షణికులు ఇరువురూ అంగీకరించిన విషయం. అరిస్టాటిల్ తన కావ్యశాస్త్రంలో పాత్రకు ఉండవలసిన లక్షణాల్లో ఏకరూపతను ఒకటిగా చెప్పాడు. పాత్ర స్వభావమే నిలకడ లేనిదైతే ఆ నిలకడలేమి అయినా నిలకడగా ఉండాలని సూచించాడు. పదకొండవ శతాబ్దికి చెందిన క్షేమేంద్రుడు ఔచిత్యాన్ని కావ్యానికి ప్రాణంగా నిలిపాడు.

ప్రస్తుత విషయానికి వీటికంటే దగ్గరగా వచ్చేది పదవ శతాబ్ది చివరి భాగంలో ధనంజయుడు రచించిన దశరూపకం, దానికి ధనికుడు రాసిన అవలోక వ్యాఖ్య. ధీరోదాత్తుడు, ధీరలలితుడు, ధీరశాంతుడు, ధీరోద్ధతుడు అన్న నాయక భేదాలను చెప్పిన సందర్భంలో ధనికుడు ఒక సూక్ష్మమైన చర్చ చేశాడు. ఇవి పుట్టుకతో వచ్చే జాతుల వంటివి కావని, దూడ, కోడె, వృషభం అన్నట్లు అవస్థాభేదాలని అతని వాదం. అందుకే మహావీరచరితంలోని పరశురాముడు ఒకచోట ఉదాత్తుడుగా, ఒకచోట ఉద్ధతుడుగా, మరొకచోట శాంతుడుగా కనిపించినా దోషం లేదు. అయితే ఈ స్వేచ్ఛకు అతడొక హద్దు గీశాడు. ఒక ప్రబంధానికి అంగి అయిన ప్రధాన నాయకుడు గ్రహించిన అవస్థను విడిచి మరొక అవస్థను పొందడం అనుచితం. అంగ నాయకుడికి ఆ నిర్బంధం లేదు. అతని ఔన్నత్యం ప్రధాన నాయకుడిని బట్టి హెచ్చుతగ్గులు పొందుతుంది.

దశరూపకం తృతీయ ప్రకాశంలో మరొక నియమం ఉంది. స్వీకరించిన ఇతివృత్తంలో నాయకుడికి గానీ రసానికి గానీ విరుద్ధమైనది ఏదైనా ఉంటే దానిని విడిచిపెట్టాలి, లేదా మరొక విధంగా కల్పించాలి. మాయురాజు ఉదాత్తరాఘవంలో కపటంతో వాలిని వధించే ఘట్టాన్ని విడిచిపెట్టాడని, భవభూతి వాలియే రాముని చంపడానికి వచ్చి హతుడైనట్లు మార్చాడని ధనికుడు ఉదాహరణలు చూపాడు.

ఈ రెండు సూత్రాలూ సంగమ కథల అధ్యయనానికి ఉపకరిస్తాయి. సంగమ కథలో జరిగేది స్థూలంగా ఇదే: తన ధారావాహికలో అంగి అయిన నాయకుడు, మరొకరి ధారావాహికలో అడుగుపెట్టగానే అంగ నాయకుడవుతాడు. ప్రేక్షకుడి మనసులో మాత్రం అతడు ఇంకా అంగిగానే ఉంటాడు. పాత్రౌచిత్య భంగమన్న భావన పుట్టేది ఈ రెండింటి నడుమ.

3. చిత్రకథల పూర్వరంగం:

టెలివిజన్ కంటే ముందే ఈ సమస్యను అమెరికన్ చిత్రకథలు ఎదుర్కొన్నాయి. 1940లో మార్వెల్ మిస్టరీ కామిక్స్ పత్రికలో కార్ల్ బర్గోస్ సృష్టించిన హ్యూమన్ టార్చ్‌కూ, బిల్ ఎవరెట్ సృష్టించిన సబ్‌మెరైనర్‌కూ యుద్ధం జరిగింది. ఒకరిది అగ్ని, మరొకరిది జలం. శక్తిలోనే విరోధం ఉంది కనుక పోరుకు ప్రత్యేకంగా స్వభావాన్ని వంచనవసరం లేకపోయింది. పైగా సబ్‌మెరైనర్ మొదటి నుండి మానవ నగరాలపై ఆగ్రహం గల ఉద్ధత పాత్ర.

అదే సంవత్సరం ఆల్ స్టార్ కామిక్స్ మూడవ సంచికలో జస్టిస్ సొసైటీ ఆఫ్ అమెరికా రూపుదిద్దుకుంది. ఆ సంచిక నిర్మాణం గమనించదగినది. నాయకులందరూ ఒకచోట సమావేశమై ఎవరి సాహసాన్ని వారు చెప్పుకుంటారు. ఒక్కో నాయకుడికి ఒక్కో ప్రకరణం. అందరూ కలిసి కనిపించేది సమావేశమన్న చట్రంలో మాత్రమే. ఈ పద్ధతిలో ఏ నాయకుడూ తన అంగిత్వాన్ని వదులుకోడు. పాత్రల మధ్య సంఘర్షణకు తావు లేదు కనుక స్వభావ వైరుధ్యానికీ తావు లేదు. భద్రమైన పద్ధతే, కానీ నిజమైన సంగమం కాదు.

1961 సెప్టెంబరు సంచికగా వెలువడిన ది ఫ్లాష్ 123లో గార్డనర్ ఫాక్స్ కథకు కార్మైన్ ఇన్‌ఫాంటినో బొమ్మలు గీశారు. జూలియస్ ష్వార్జ్ సంపాదకుడు. పాత తరం ఫ్లాష్ అయిన జే గారిక్, కొత్త తరం ఫ్లాష్ అయిన బ్యారీ ఆలెన్ వేర్వేరు భూముల్లో జీవిస్తున్నారని ఆ కథ ప్రతిపాదించింది. ఒకే పేరు గల రెండు పాత్రల మధ్య వైరుధ్యాన్ని పరిహరించడానికి సమాంతర ప్రపంచాలన్న కల్పన పనికివచ్చింది. పొసగనిదల్లా మరొక భూమికి పంపవచ్చు. ఈ సౌకర్యం క్రమంగా భారమైంది. భూముల సంఖ్య పెరిగి, ఏ పాత్ర ఏ చరిత్రకు చెందినదో చెప్పడం కష్టమైంది. 1985–86లో మార్వ్ వుల్ఫ్‌మన్ రచనతో, జార్జ్ పెరెజ్ చిత్రాలతో 12 సంచికలుగా వచ్చిన ‘క్రైసిస్ ఆన్ ఇన్ఫినిట్ ఎర్త్స్’ ఆ భూములన్నింటినీ ఒకటి చేసింది. వైరుధ్యాన్ని కప్పడానికి పుట్టిన ఉపాయమే చివరకు వైరుధ్యంగా మారడం ఈ చరిత్రలోని ముఖ్య పాఠం.

4. రసభేదం – 1967 నాటి ఉదాహరణ:

టెలివిజన్‌లో ఈ సమస్య స్పష్టంగా కనిపించిన తొలి సందర్భాల్లో 1967 మార్చి 1, 2 తేదీల్లో ఏబీసీ ఛానల్‌లో ప్రసారమైన బ్యాట్‌మ్యాన్ రెండు భాగాల కథ ఒకటి. ఆడమ్ వెస్ట్ బ్యాట్‌మ్యాన్‌గా, బర్ట్ వార్డ్ రాబిన్‌గా నటిస్తున్న ఆ ధారావాహికలోకి గ్రీన్ హార్నెట్ పాత్రధారి వాన్ విలియమ్స్, కేటో పాత్రధారి బ్రూస్ లీ అతిథులుగా వచ్చారు. రెండు ధారావాహికలకూ నిర్మాత విలియమ్ డోజియరే. అయినా వాటి రసాలు వేరు. బ్యాట్‌మ్యాన్ హాస్య ప్రధానం. దెబ్బ తగిలితే తెరపై అక్షరాలు మెరుస్తాయి. గ్రీన్ హార్నెట్ నేర పరిశోధన గాథ. గంభీరంగా సాగుతుంది.

తన ధారావాహికలో గ్రీన్ హార్నెట్ పోలీసుల దృష్టిలో నేరస్థుడు. నేరస్థుల నడుమ తిరగడానికి ఆ అపఖ్యాతిని అతడు కావాలనే నిలుపుకుంటాడు. బ్యాట్‌మ్యాన్ కథలో కూడా ఈ అంశాన్ని నిలిపారు. కనుక బ్యాట్‌మ్యాన్ అతనిని అనుమానించడానికి హేతువు ఉంది. ఇంతవరకు ఔచిత్యం చెడలేదు. చెడింది ఆవరణంలో. దొంగ తపాలా బిళ్ళలు ముద్రించే కర్నల్ గమ్ వంటి హాస్య ప్రతినాయకుడి ఎదుట గ్రీన్ హార్నెట్ గాంభీర్యం నిలువలేదు. పాత్ర మాట మారలేదు, వేషం మారలేదు. చుట్టూ ఉన్న రసం మారడం వల్ల పాత్ర అర్థం మారింది. నలుగురి పోరును గెలుపోటములు తేల్చకుండా ముగించడం కూడా ఇద్దరు అంగి నాయకుల గౌరవాన్ని కాపాడే ఉపాయమే.

5. ఆరోవర్స్ – నిర్మాణ నేపథ్యం:

గ్రెగ్ బెర్లాంటి, మార్క్ గుగ్గెన్‌హైమ్, ఆండ్రూ క్రైస్‌బర్గ్ రూపొందించిన ‘ఆరో’ 2012 అక్టోబరు 10న ప్రారంభమైంది. స్టీఫెన్ ఆమెల్ నటించిన ఆలివర్ క్వీన్ అందులో నాయకుడు. ఆ ధారావాహిక రెండవ సీజన్‌లో, 2013 డిసెంబరులో, గ్రాంట్ గస్టిన్ పోషించిన బ్యారీ ఆలెన్ అతిథిగా పరిచయమై, 2014 అక్టోబరు 7 నుండి ‘ది ఫ్లాష్’ నాయకుడయ్యాడు. మెలిస్సా బెనోయిస్ట్ నాయికగా ‘సూపర్‌గర్ల్’ 2015లో సీబీఎస్ ఛానల్‌లో మొదలై, రెండవ సీజన్ నుండి సీడబ్ల్యూకు మారింది. 2016 జనవరిలో ‘లెజెండ్స్ ఆఫ్ టుమారో’, 2019 అక్టోబరులో ‘బ్యాట్‌ఉమన్’ వచ్చాయి.

ప్రతి ధారావాహికకూ సొంత రచనా బృందం ఉంటుంది. సీజన్ మొత్తానికి సొంత కథాప్రణాళిక ఉంటుంది. సంగమ కథలు సాధారణంగా సీజన్‌లో ఎనిమిదవ, తొమ్మిదవ భాగాల వద్ద వచ్చేవి. అంటే ప్రతి నాయకుడూ తన సొంత కథ మధ్యలో, ఏదో ఒక చిక్కులో ఉండగా, దానిని పక్కన పెట్టి ఉమ్మడి కథలోకి రావాలి. తిరిగి వెళ్ళాక ఆ చిక్కును వదిలిన చోటనే అందుకోవాలి. ఈ కాలపట్టిక పాత్రచిత్రణపై వేసిన ముద్ర తరువాతి ఉదాహరణల్లో కనిపిస్తుంది.

6. సంగమ కథల పరిశీలన:

6.1 ఫ్లాష్ – ఆరో (2014):

2014 డిసెంబరు 2, 3 తేదీల్లో వరుసగా ఫ్లాష్, ఆరో ధారావాహికల్లో ప్రసారమైన ఈ కథలో నాయకులిద్దరూ తలపడాలి. మిత్రులు తలపడాలంటే కారణం కావాలి. రాయ్ బివోలో అనే ప్రతినాయకుడు తన చూపుతో బ్యారీలో ఆగ్రహాన్ని రెచ్చగొడతాడు. అలా రెచ్చిపోయిన బ్యారీని ఆలివర్ నిలువరిస్తాడు.

ఇక్కడ మనకు గయోపాఖ్యానం గుర్తుకు రావడం సహజం. వ్యాస భారతంలో లేని ఈ కథను చిలకమర్తి లక్ష్మీనరసింహం నాటకంగా తెలుగు రంగస్థలానికి అందించారు. 1963లో కె.వి.రెడ్డి దర్శకత్వంలో ‘శ్రీకృష్ణార్జున యుద్ధము’గా ఈ కథే తెరకెక్కింది. అక్కడ కూడా బావమరదులు, ప్రాణమిత్రులు తలపడాలి. గయుని సంహరిస్తానన్నది కృష్ణుని ప్రతిజ్ఞ. శరణన్నవానిని రక్షిస్తానన్నది అర్జునుని మాట. ఆడిన మాట తప్పకపోవడం ఇద్దరి స్వభావంలోనూ ఉన్నదే. స్వభావాన్ని విడిచి కాక, స్వభావాన్ని నిలుపుకోవడం వల్లనే వారికి యుద్ధం తప్పలేదు. ఫ్లాష్–ఆరో కథలో యుద్ధం స్వభావం నుండి పుట్టలేదు, మంత్రం వంటి బాహ్యశక్తి నుండి పుట్టింది. హేతువు ఉంది కనుక ఔచిత్యం చెడలేదని చెప్పవచ్చు. కానీ ఆ హేతువు పాత్రను గురించి చెప్పేది తక్కువ.

పాత్రను గురించి ఎక్కువ చెప్పింది యుద్ధం కాదు, రెండవ భాగంలోని ఒక చిన్న ఘట్టం. సమాచారం రాబట్టడానికి ఆలివర్ ఒకనిని బాణాలతో హింసిస్తాడు. బ్యారీ దానిని చూసి నివ్వెరపోతాడు. ఆరో ప్రేక్షకుడికి ఆ పద్ధతి అలవాటైనదే. అతిథి కన్నులతో చూసినప్పుడు అదే పద్ధతి కొత్తగా, క్రూరంగా కనిపించింది. ఎవరి స్వభావమూ మారలేదు. ఒకరి స్వభావం మరొకరికి గీటురాయి అయింది. సంగమ కథ సాధించగల ఉత్తమ ప్రయోజనం ఇదే.

6.2 సవరించిన కాలం, సవరించని తప్పు (2015):

2015 డిసెంబరు 1, 2 తేదీల్లో వాండల్ సావేజ్ ప్రతినాయకుడుగా వచ్చిన కథలో, తనకు కుమారుడున్నాడని ఆలివర్ తెలుసుకుంటాడు. మొదటి కాలరేఖలో ఆ సంగతి దాచినందుకు ఫెలిసిటీ అతనికి దూరమవుతుంది. సావేజ్ చేతిలో సర్వనాశనం జరుగుతుంది. బ్యారీ కాలంలో వెనక్కు వెళ్ళి, జరిగినదంతా ఆలివర్‌కు చెప్పి హెచ్చరిస్తాడు. రెండవ అవకాశం లభించినా ఆలివర్ ఆ రహస్యాన్ని మళ్ళీ దాచిపెడతాడు.

దాచకపోతే కుమారుని చూడనివ్వనని బిడ్డ తల్లి పెట్టిన నిబంధన కథలో ఉంది. అందువల్ల హేతువు లేదని అనలేము. అయినా ప్రపంచ వినాశనాన్ని సరిదిద్దడానికి పనికివచ్చిన జ్ఞానం, ఒక వ్యక్తి తన ఇంటి తప్పును దిద్దుకోవడానికి పనికిరాలేదు. ఆరో నాలుగవ సీజన్‌కు ఆ రహస్యం దాగి ఉండడం అవసరం. ఉమ్మడి కథ పాత్రకు జ్ఞానాన్నిచ్చింది, సొంత ధారావాహిక ఆ జ్ఞానాన్ని చెల్లనివ్వలేదు. పాత్ర బరువును రెండు కథాప్రణాళికలు చెరొకవైపు లాగిన స్థితి ఇది.

6.3 మరొకరి ఇంట తీరిన తగవు (2016):

2016 నవంబరు చివరి వారంలో వచ్చిన ‘ఇన్వేజన్!’ కథలో డామినేటర్లనే గ్రహాంతరవాసులు భూమిపై దాడి చేస్తారు. అప్పటికి ఫ్లాష్ ధారావాహికలో సిస్కో, బ్యారీల మధ్య తీవ్రమైన వైమనస్యం నడుస్తోంది. సిస్కో సోదరుడు డాంటే ప్రమాదంలో మరణించాడు. తన తల్లి కోసం కాలాన్ని మార్చిన బ్యారీ, డాంటే కోసం మార్చడానికి నిరాకరించాడు. మూడవ సీజన్ ఆరంభం నుండి నడుస్తున్న ఈ తగవు తీరింది ఫ్లాష్‌లో కాదు. డిసెంబరు 1న ప్రసారమైన లెజెండ్స్ ఆఫ్ టుమారో భాగంలో. సిస్కో 1951కి వెళ్ళి, బందీ అయిన డామినేటర్‌పై జాలితో అతనిని విడిపించి, సదుద్దేశంతో కాలాన్ని తాకినా కీడు కలగవచ్చునని స్వయంగా గ్రహించి బ్యారీని మన్నిస్తాడు.

ఘట్టంగా చూస్తే ఇది చక్కని పరిణామం. తాను అదే తప్పు చేసి ఎదుటివాని తప్పును అర్థం చేసుకోవడం కంటే మంచి హేతువు ఏముంటుంది? అయితే ఫ్లాష్ మాత్రమే చూసే ప్రేక్షకుడికి ఈ హేతువు అందదు. పగతో ఉన్న మిత్రుడు తరువాతి వారం శాంతించి కనిపిస్తాడు. పాత్రలో వైరుధ్యం లేదు. పాత్ర కథ ఏ గ్రంథంలో ఉందన్న దానిలో చీలిక ఉంది. మన పరిభాషలో చెప్పాలంటే ఒక కావ్యంలోని నిర్వహణ సంధి మరొక కావ్యంలో పడింది.

అదే కథలో ఆలివర్ సూపర్‌గర్ల్‌ను గ్రహాంతరవాసి అన్న కారణంతో దూరంగా ఉండమంటాడు. అపరిచిత శక్తిపై అనుమానం అతని స్వభావానికి తగినదే. కానీ తన ధారావాహికలో అంగి నాయకుడికి లోతుగా కనిపించే ఆ అనుమానం, అంగ స్థానంలో ఉన్నప్పుడు మొరటుతనంగా కనిపించింది. పాత్రకు కారణాలు చెప్పుకునే వ్యవధి అతిథి భాగంలో దొరకదు.

6.4 రెండు రాత్రుల్లో మారిన నిశ్చయం (2017):

‘క్రైసిస్ ఆన్ ఎర్త్–ఎక్స్’ 2017 నవంబరు 27, 28 తేదీల్లో నాలుగు భాగాలుగా ప్రసారమైంది. బ్యారీ, ఐరిస్‌ల వివాహం సందర్భంగా అందరూ కలుస్తారు. నాజీలు జయించిన మరొక భూమి నుండి నాయకుల ప్రతిరూపాలు దాడి చేస్తాయి. దుష్ట ఆలివర్, దుష్ట కారా అసలు పాత్రలకు వ్యతిరేక బింబాలు. ఇది పాత్రౌచిత్యాన్ని కాపాడుతూనే విరుద్ధ ప్రవర్తనను చూపగల ఉపాయం. ఎర్త్–ఎక్స్ ఆలివర్‌లో కూడా తన కారా పట్ల గాఢమైన ప్రేమ ఉండడం ఆ ప్రతిరూపానికి విలువనిచ్చింది.

వివాదానికి గురైనది ఫెలిసిటీ పాత్ర. మొదటి భాగంలో ఆలివర్ వివాహ ప్రస్తావన తేగానే తనకు పెళ్ళి ఇష్టం లేదని అందరికీ వినిపించేలా చెబుతుంది. నాలుగవ భాగం చివర, బ్యారీ, ఐరిస్‌ల వివాహం జరుగుతుండగా మధ్యలో కల్పించుకుని, తమకూ అప్పుడే పెళ్ళి చేయమంటుంది. మృత్యువును దగ్గరగా చూసినవారు నిశ్చయం మార్చుకోవడం అసంభవం కాదు. ఆమె భయానికి గత జీవితంలో కారణాలున్నాయని కథ సూచించింది కూడా. కానీ ఆ భయం కరగడానికి కావలసిన వ్యవధి కథ ఇవ్వలేదు. పైగా మరొక జంట శుభకార్యం మధ్యలో అడగడం వల్ల, ప్రేమగా కనిపించవలసినది అనౌచిత్యంగా కనిపించింది. ఆరో ధారావాహికకు అత్యంత ముఖ్యమైన ఈ వివాహం లెజెండ్స్ ఆఫ్ టుమారో భాగంలో జరగడం మరొక విశేషం.

ఇదే కథలో ప్రొఫెసర్ మార్టిన్ స్టైన్ మరణం గమనించదగినది. తనతో శక్తిబంధంతో ముడిపడిన జెఫర్సన్ ప్రాణం నిలపడానికి స్టైన్ ఆ బంధాన్ని తెంచుకుంటాడు. అతడు అంగి స్థానంలో ఉన్న ధారావాహికలోనే, అతని కుటుంబ ప్రస్తావన ఆధారంగానే ఆ త్యాగం జరిగింది. ఒకే సంగమ కథలో ఒక ఘట్టం ఔచిత్యంతో నిలవడానికీ మరొకటి తడబడడానికీ గల తేడా ఇక్కడే తెలుస్తుంది. మొదటిదానికి పూర్వరంగం ఉంది, రెండవదానికి వ్యవధి లేదు.

6.5 స్వభావమే ఇతివృత్తం (2018):

2018 డిసెంబరు 9 నుండి 11 వరకు మూడు భాగాలుగా వచ్చిన ‘ఎల్స్‌వరల్డ్స్’లో జాన్ డీగన్ అనే వైద్యుడు ఒక మహిమ గల గ్రంథంతో వాస్తవాన్ని తిరగరాస్తాడు. లోకం దృష్టిలో ఆలివర్ బ్యారీ అవుతాడు, బ్యారీ ఆలివర్ అవుతాడు. శక్తులు మారతాయి, స్వభావాలు మారవు. వేగాన్ని ఉపయోగించడానికి ఆలివర్ మనసును తేలికపరచుకోవాలి. బాణం సరిగా వేయడానికి బ్యారీ తనలోని చీకటిని తలచుకోవాలి. 2014 శిక్షణలో ఆలివర్ తన వీపున బాణాలు నాటిన సంగతిని మరువని బ్యారీ, ఇప్పుడు అదే పాఠాన్ని తిరిగి అప్పగిస్తాడు.

నాలుగేళ్ళ నాటి హాస్య ఘట్టాన్ని గుర్తుంచుకోవడం చిన్న విషయంగా కనిపించవచ్చు. ధారావాహిక రచనలో పాత్రౌచిత్యం అంటే చాలావరకు జ్ఞాపకమే. పాత్ర గుర్తుంచుకుంటే ప్రేక్షకుడి జ్ఞాపకానికి గౌరవం దక్కుతుంది. వైరుధ్యాన్ని దాచకుండా దానినే ఇతివృత్తంగా స్వీకరించడం వల్ల ఈ కథ పాత్రచిత్రణ విషయంలో మిగిలినవాటికంటే ముందు నిలుస్తుంది. చివర మిత్రులిద్దరి ప్రాణాల కోసం ఆలివర్ మానిటర్‌తో ఒప్పందం చేసుకోవడం ఎక్కడా అతకనట్లు అనిపించదు. మూడు భాగాలూ అతని స్వభావాన్నే పరీక్షించాయి కనుక.

6.6 రెండు మరణాలు (2019–20):

2019 డిసెంబరులో మూడు భాగాలుగా, 2020 జనవరి 14న రెండు భాగాలుగా ‘క్రైసిస్ ఆన్ ఇన్ఫినిట్ ఎర్త్స్’ ప్రసారమైంది. ఆలివర్ క్వీన్ ఇందులో రెండుసార్లు మరణిస్తాడు. మొదటి మరణం సూపర్‌గర్ల్ భాగంలో, ప్రజలను తరలించే వ్యవధి కోసం పోరాడుతూ. తరువాత స్పెక్టర్ అనే దివ్యశక్తిని పొంది, ఆరో ధారావాహికకు చెందిన నాలుగవ భాగంలో విశ్వ పునఃసృష్టి కోసం రెండవసారి మరణిస్తాడు.

మొదటి మరణం అతని స్వభావానికి సన్నిహితం. మానవమాత్రుడు, చేతిలో విల్లు, వెనుకకు తగ్గని పట్టుదల. రెండవది మహత్తరమైనది, కానీ దివ్యశక్తి ఆవహించిన నాయకుడిది. ఎనిమిది సీజన్లు ఏ అతీత శక్తీ లేకుండా నిలబడటమే ఆలివర్ విశిష్టత. అంగిగా తన సొంత ఇంట మరణించాలన్న కథాగౌరవం కోసం, అతడు తనదైన మానవత్వాన్ని కొంత వదులుకోవలసి వచ్చింది. ఔచిత్యం ఏ పక్షాన ఉన్నదన్నది పండితుల మధ్య చర్చకు తగిన విషయం. నా దృష్టిలో మొదటి మరణమే పాత్రోచితం, రెండవది కథోచితం.

ఈ కథ తరువాత భూములు కలిసి ఒకే భూమి అయింది. గతం మారింది. బ్యారీ కాలాన్ని తాకడం వల్ల అదృశ్యమైన డిగిల్ కుమార్తె సారా తిరిగి వచ్చింది. లెక్స్ లూథర్ లోకం మెచ్చిన పుణ్యపురుషుడయ్యాడు. కొందరికి పాత జ్ఞాపకాలు ఉన్నాయి, మరికొందరికి లేవు. మారిన గతంతో పాత్ర మారితే అది వైరుధ్యమా? ఒకవిధంగా ఇది దశరూపకం అనుమతించిన మార్పే, ఇతివృత్తాన్ని అన్యథా కల్పించడమే. కానీ భవభూతి మార్చింది తన నాటకానికి ముందు ఇతరులు చెప్పిన కథను. ఇక్కడ మార్చబడినది ప్రేక్షకుడు ఏళ్ళ తరబడి కళ్ళారా చూసిన కథ. తండ్రిగా డిగిల్ పోగొట్టుకున్నదాని గురించి 2016లో కలిగిన వేదన, ఆమె తిరిగి వచ్చిన క్షణంలో వృథా కాకపోయినా పలచబడింది.

7. పరిశీలన – వర్గీకరణ:

పై ఉదాహరణల ఆధారంగా సంగమ కథల్లోని వైరుధ్యాలను నాలుగు విధాలుగా విభజించవచ్చు.

అ) సహేతుక వైరుధ్యం: బాహ్యశక్తి, ప్రతిరూపం, కాలసవరణ వంటి కారణాలు కథలోనే చూపినది. బివోలో ప్రేరేపించిన బ్యారీ ఆగ్రహం ఇందుకు ఉదాహరణ. ఇది దోషం కాదు, కానీ పదే పదే వాడితే స్వభావానికి బదులు ఉపాయం మిగులుతుంది.

ఆ) స్థానజ వైరుధ్యం: అంగి నాయకుడు అంగ స్థానంలోకి రావడం వల్ల, రసం మారడం వల్ల కనిపించేది. గ్రీన్ హార్నెట్ గాంభీర్యం, ఆలివర్ అనుమానం ఈ కోవకు చెందుతాయి. ఇక్కడ మారినది పాత్ర కాదు, చూసే కోణం.

ఇ) విభాగజ వైరుధ్యం: హేతువు ఒక ధారావాహికలో, ఫలితం మరొక ధారావాహికలో పడినది. సిస్కో క్షమ, ఫెలిసిటీ వివాహం ఇందుకు ఉదాహరణలు. దోషం రచయిత కలంలో కంటే కథను పంచిన పద్ధతిలో ఉంది.

ఈ) నిర్హేతుక వైరుధ్యం: కాలపట్టిక కోసం, సీజన్ అవసరం కోసం పాత్ర నేర్చుకున్నదాన్ని మరపింపజేసినది. 2015లో ఆలివర్ మళ్ళీ రహస్యం దాచడం దీనికి చేరువలో ఉంది. నిజమైన అనౌచిత్యమంటే ఇదే.

సాధారణ విమర్శలో ఈ నాలుగూ ‘పాత్రను చెడగొట్టారు’ అన్న ఒకే మాట కింద కలిసిపోతాయి. వేరుచేసి చూసినప్పుడు మొదటి రెండూ సంగమ కథకు సహజమైనవని, మూడవది ప్రసార వ్యవస్థకు చెందినదని, నాల్గవది మాత్రమే రచయితలు సంజాయిషీ చెప్పుకోవలసినదని స్పష్టమవుతుంది.

8. ముగింపు:

ధనికుడు ఒక ప్రబంధంలో ఒకే అంగి నాయకుడుంటాడన్న భూమిక మీద తన సూత్రాన్ని నిర్మించాడు. సంగమ కథ ఆ భూమికనే కదిలిస్తుంది. ఇక్కడ అందరూ అంగులే, అందరూ అంగాలే. కాబట్టి సూత్రాన్ని యథాతథంగా అన్వయించడం కంటే, దాని వెనుకనున్న వివేకాన్ని గ్రహించడం అవసరం. పాత్ర అవస్థ మారవచ్చు. ఆ మార్పు ఎవరి సన్నిధిలో, ఎవరిని అపేక్షించి జరుగుతున్నదో కథకు తెలిసి ఉండాలి.

ఈ అధ్యయనం వల్ల తేలిన అంశాలు:

• సంగమ కథల్లో పాత్రౌచిత్య సమస్య 1940 నాటి చిత్రకథల నుండి ఉన్నదే. ప్రకరణాలుగా విడదీయడం, సమాంతర ప్రపంచాలు కల్పించడం, విశ్వాన్ని పునఃసృష్టించడం దానికి కాలానుగుణంగా వెదికిన పరిష్కారాలు.

• నాయకుడు అంగి స్థానం నుండి అంగ స్థానానికి మారడమే అనేక వైరుధ్యాలకు మూలం. ప్రేక్షకుడి అపేక్ష ఈ మార్పుతో పాటు మారదు.

• స్వభావాన్ని వంచి సంఘర్షణ సృష్టించిన కథల కంటే, గయోపాఖ్యానంలో వలె స్వభావం నుండే సంఘర్షణను పుట్టించినవి, ‘ఎల్స్‌వరల్డ్స్’లో వలె స్వభావాన్నే ఇతివృత్తం చేసుకున్నవి ఔచిత్యాన్ని నిలుపుకున్నాయి.

• సంస్థ ఆస్తిగా ఉన్న పాత్రకు ఏక రచయిత ఉండడు. దాని పూర్వచరిత్రను గుర్తుంచుకునే బాధ్యత రచనా బృందాలందరిదీ. వారు మరచినదాన్ని ప్రేక్షకుడు మరువడు.

తెలుగు వినోద ఛానళ్ళలో కూడా రెండు ధారావాహికల కుటుంబాలను ఒకే కథలో కలిపే ‘మహాసంగమం’ భాగాలు ప్రసారమవుతున్నాయి. అక్కడ అతీత శక్తులు లేవు, సమాంతర భూములు లేవు. అయినా తన ఇంట నాయిక అయిన కోడలు పక్క ధారావాహికలో చుట్టమై కూర్చున్నప్పుడు ఎదురయ్యే ప్రశ్న ఇదే. నిత్య ధారావాహికలను సాహిత్య విమర్శ పరిధిలోకి తేవడానికి సంకోచించే పరిశోధకులకు, మన అలంకారశాస్త్రమే ఆ పనికి కావలసిన పరికరాలను సిద్ధం చేసి ఉంచింది. వర్గీకరణను ఆ దిశగా అన్వయించి పరీక్షించడం ముందున్న పని.